మొదటి తడుపు

చీర ఉతకడానికి ముందు మా పెద్దమ్మ దాన్ని కొలుస్తుంది. గుంటూరులో వాళ్ళ హాల్లో నేలకి వేసినవి రెండడుగుల టైల్సు. షాపువాళ్ళు రెండడుగులంటారు గానీ నిజానికి 60 సెంటీమీటర్లు. కొత్త చీర మడత విప్పి, ఒక కొస గోడకి ఆనించి, లాగకుండా, ముడతలు మాత్రం అరచేత్తో సర్దుతూ పరుచుకుంటూ పోతుంది. పది టైల్సు దాటి పదకొండో దాని సగం మీద చీర ఆగుతుంది. 6 మీటర్ల 30 సెంటీమీటర్లు. అందులో అయిదున్నర మీటర్లు చీర, 80 సెంటీమీటర్లు జాకెట్టు ముక్క. పన్నా, అంటే వెడల్పు, 117. రెండు అంకెలూ పాత క్యాలెండరు కాగితం వెనక రాసి ఫ్రిజ్‌కి అంటిస్తుంది. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆ ముప్పై ఏళ్ళూ బడికి గంజి పెట్టిన నేత చీరల్లోనే వెళ్ళింది.

చీర నాది. పోచంపల్లి నూలు ఇక్కత్, 3,400 రూపాయలు. మెరూన్ రంగు ఒంటి మీద తెలుపు, నలుపు కలిసిన డిజైను. దీన్ని ఇక్కడికి భయంతో తెచ్చాను. అంతకు ముందు కొన్న ఎర్ర నేత చీరని గంటసేపు సబ్బునీళ్ళలో నానేసి, మా ఆయన తెల్ల లాల్చీ కూడా అదే బకెట్లో పడేశాను. లాల్చీ గులాబీ రంగుకి తిరిగింది. చీర కురచై, దానికి కుట్టించిన ఫాలు మాత్రం అలాగే ఉండిపోయి, కింది అంచు పొడుగునా కుచ్చులు తేలింది. రెండూ ఇప్పుడు మా ఇంట్లో నేల తుడిచే గుడ్డలు. "చీర తప్పేం లేదే. పని సగంలో ఉన్న సరుకుని కట్టేసుకున్నావు" అని తేల్చింది పెద్దమ్మ.

ఆమె లెక్కలో మగ్గం దిగినంత మాత్రాన చీర పూర్తయినట్టు కాదు. అద్దకం వాళ్ళూ నేతవాళ్ళూ చెరో పనీ మిగిల్చి పంపిస్తారు. వాటిని పూర్తిచేసేది మొదటి తడుపు.

నేతవాళ్ళు మిగిల్చేది బిగువు. చీర పొడుగునా ఉండే పోగుల్ని పడుగు అంటారు, అడ్డంగా పోయే పోగుల్ని పేక అంటారు. పడుగుని మగ్గం మీద వీణ తీగల్లా లాగి కట్టకపోతే నేత కుదరదు. అంతకు ముందే వీధిలో పొడవుగా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఉంటారు. ఆ గంజి ఆరి, ఆ లాగుడు అలాగే బిగుసుకుని పోగులో ఉండిపోతుంది. నీళ్ళు తగలగానే గంజి కరుగుతుంది, పోగు తన అసలు పొడవుకి వెనక్కి వస్తుంది. దీనికి తోడు ఇంకొకటి జరుగుతుంది. నూలు పోగు తడిస్తే లావుగా ఉబ్బుతుంది గానీ పొడవు దాదాపు పెరగదు. లావెక్కిన పోగుల చుట్టూ తిరిగి రావాలంటే పడుగుకి ఎక్కువ దారి కావాలి, ఆ దారికి సరిపడా పొడవు బట్టలోంచే పోతుంది. నులక మంచం వర్షంలో తడిస్తే బిర్రబిగుసుకోవడం చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. చన్నీళ్ళలో కూడా ఇంత పనీ జరుగుతుంది. బట్ట కురచయ్యేది వేణ్ణీళ్ళకే అనుకోవడం పొరపాటు. వేడి దాన్ని తొందరపెడుతుంది, అంతే.

మిల్లు బట్టకి ఈ బాధ తక్కువ. అమెరికాలో శాన్‌ఫర్డ్ క్లూయెట్ అనే ఆయన 1930 ప్రాంతంలో ఒక యంత్రం తయారుచేశాడు. బట్టని తడిపి, మందపాటి పట్టా మీద పొడుగునా కుదించి, ఆ కుదింపులోనే ఆరబెట్టేస్తుంది. కురచ కావలసినదంతా ఫ్యాక్టరీలోనే అయిపోతుంది. పాత తానుల అంచు మీద 'శాన్‌ఫొరైజ్డ్' అని కనిపించే ముద్ర దానిదే. చేనేత చీరకి ఆ యంత్రం లేదు. ఆ పని మన బకెట్టుదే.

అద్దకం వాళ్ళు మిగిల్చేది వదులు రంగు. ఇక్కత్‌లో నేయకముందే నూలుకి డిజైను ప్రకారం రబ్బరు పట్టీలు బిగించి కట్టి, కట్టిన చోట తెలుపు మిగిలేలా రంగులో ముంచుతారు. విప్పి, మళ్ళీ కట్టి, ఇంకో రంగు. అంతకు ముందు ఆసు పోయడం ఉంది. మేకుల చుట్టూ పోగుని అటూ ఇటూ తిప్పుతూ ఒక్కో చీరకి వేల సార్లు చెయ్యి ఆడించాలి. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం దానికి యంత్రం కనిపెట్టాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఇంత చాకిరీ చేసిన తెలుపు మీదికి ఎరుపు పాకితే పోయేది 3,400 రూపాయలొక్కటే కాదు.

ఇప్పుడు నూలుకి ఎక్కువగా వేసేవి రియాక్టివ్, నాఫ్తాల్, వ్యాట్ రంగులు. రియాక్టివ్ రంగు నూలుతో రసాయనికంగా ముడిపడుతుంది, ముడిపడ్డది ఇక దిగదు. కానీ కుండలో వేసిన రంగులో కొంత, నూలుని చేరకముందే నీళ్ళతో కలిసి ముడిపడే గుణం పోగొట్టుకుంటుంది. అది పోగు మీద ఊరికే కూర్చుని ఉంటుంది. చివర్లో మరిగే సబ్బునీళ్ళలో కడిగి దాన్ని దించెయ్యాలి. కట్టెలు, నీళ్ళు, టైము కలిసిరాక అక్కడ తగ్గించిన కడుగుడే మన ఇంట్లో ఎర్రనీళ్ళుగా బయటపడుతుంది. నాఫ్తాల్ అయితే రెండు మందులు పోగు మీదే కలిసి రంగుగా మారతాయి. పైపైన పేరుకున్నది రుద్దితే రాలుతుంది. ఏ రంగు వేశారో చీర మీద రాసి ఉండదు. హ్యాండ్‌లూమ్ మార్కు చీటీ చేత్తో నేశారని చెబుతుంది గానీ ఎలా ఉతకాలో చెప్పదు. అందుకే పెద్దమ్మ చీరనే అడుగుతుంది.

ఉదయం ఏడింటికి పరీక్షలు మొదలవుతాయి. ముందు జాకెట్టు ముక్క కొసనుంచి పడుగు పోగొకటి, పేక పోగొకటి లాగి అగ్గిపుల్లతో అంటిస్తుంది. రెండూ కాగితం కాలిన వాసన కొట్టి, ముట్టుకుంటే పొడైపోయే బూడిద మిగిలిస్తే నూలు. వెంట్రుక కాలిన కంపు వస్తే పట్టు. కరిగి గట్టి పూసలా అయితే పాలియెస్టరు కలిసినట్టు. నా చీర పోగులు రెండూ కాగితంలా కాలి బూడిదయ్యాయి. ఈ పద్ధతంతా నూలుకి. పట్టుకైతే ఆమె వేరే దారి పడుతుంది. ఊలు దగ్గరైతే వేడినీ రుద్దుడినీ దరిదాపులకి రానివ్వదు, ఎందుకంటే ఊలు పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి, ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయంటే స్వెట్టరు చంటిపిల్లాడికి సరిపోతుంది.

తర్వాత రుద్దుడు పరీక్ష. తెల్ల చేతి రుమాలు తడిపి, పిండి, చూపుడువేలికి చుట్టుకుని చీర మీద మెరూన్ ఉన్నచోట పది సార్లు ఒకే వత్తుడితో రుద్దుతుంది. రుమాలు ఇంకో మూల తిప్పి నలుపు మీద పది సార్లు. నలుపు దగ్గర రుమాలు ఇంచుమించు తెల్లగానే ఉంది. మెరూన్ దగ్గర రూపాయి కాసంత మేర కుంకుమ బొట్టు పడింది. "ఎరుపు వదులుగా ఉంది. నలుపు నిలబడుతుంది. మనం కాపలా కాయాల్సింది ఎరుపు దగ్గర" అని, రుమాలు నాకిచ్చింది. ఆ ఒక్క ముక్కతో ఆ పూట పని మొత్తం నిర్ణయమైపోయింది: నానబెట్టడం లేదు, వేణ్ణీళ్ళు లేవు, రుద్దడం లేదు.

కొంగు చివర వేలాడే పోగుల్ని ఇరవై ఇరవై కలిపి గట్టిగా ముడులు వేస్తుంది. లేకపోతే నీళ్ళలో పేక జారిపోయి అంచు విచ్చుకుంటుంది. ఫాలు ఇప్పుడు కుట్టించదు. ఫాలు పట్టీనీ జాకెట్టు లైనింగు గుడ్డనీ వేరే మగ్గులో నీళ్ళు పోసి ముంచి, విడిగా ఆరేస్తుంది. మూడూ కురచ కావలసినంత అయ్యాకే టైలరు దగ్గరికి వెళ్ళాలి. నా పాత చీరకి జరిగింది ఇదే: చీర కురచైంది, సింథటిక్ ఫాలు కాలేదు, రెండింటి మధ్య తేడా కుచ్చులై తేలింది.

నీళ్ళ ఎంపిక దగ్గర పెద్దమ్మకి పట్టుదల ఎక్కువ. బోరు నీళ్ళు వద్దంటుంది. వాళ్ళ బోరులో ఉప్పుదనం ఎక్కువ, సబ్బు నురగ రాదు. సబ్బు ఆ నీళ్ళలోని సున్నంతో కలిసి తెల్లటి తెట్టుగా మారి పోగుల్లో చిక్కుకుంటుంది. ముదురు రంగు చీర నాలుగు ఉతుకులకి బూడిద కొట్టుకుపోవడానికి సగం కారణం రంగు పోవడం కాదు, ఈ తెట్టు పట్టడం. బోరులో ఇనుము ఉంటే తెల్లవి పచ్చబారతాయి. అందుకని ముందురోజే మునిసిపల్ కొళాయి నీళ్ళు పట్టి ఉంచింది, నాలుగు బకెట్లు. ఒక్కోటి 15 లీటర్లు. వంటింటి త్రాసు మీద చీర 480 గ్రాములు తూగింది. బట్ట బరువుకి ముప్పై రెట్లు నీళ్ళు ఉండాలని ఆమె నియమం. నీళ్ళు తక్కువైతే దిగిన రంగు చిక్కగా ఉండి, మళ్ళీ బట్ట మీదికే ఎక్కుతుంది.

గుప్పెడు కళ్ళుప్పు వెయ్యవా అనడిగాను. మా అమ్మ వేసేది, మా అత్తగారు వేస్తారు. పెద్దమ్మ కూడా ఒకప్పుడు వేసేదట. ఉప్పుకీ రంగుకీ సంబంధం ఉన్నమాట నిజమే. అద్దకంలో ఉప్పు వేసేది నీళ్ళలో ఉన్న రంగుని నూలు మీదికి తోలడానికి. మన బకెట్లో వేసినా అదే పని చేస్తుంది. వదులు రంగుని నీళ్ళలోకి రానివ్వకుండా పట్టి ఉంచుతుంది. నీళ్ళు తేటగా కనపడతాయి, మనం రంగు కట్టిందని సంతోషిస్తాం. కట్టలేదు, దాక్కుంది. ఉప్పు లేని రెండో ఉతుకులో బయటికి వస్తుంది. పైగా వచ్చిన కాస్తనీ తెలుపు మీదికి తోలేది కూడా ఆ ఉప్పే. వెనిగరు సంగతీ అంతే. పట్టుకీ ఊలుకీ వేసే రంగులు పులుపుకి లొంగుతాయి, నూలు రంగుకి దానితో పనిలేదు. పటిక కలంకారీ వాళ్ళ సామాను. కరక్కాయ కషాయంలో ఊరిన గుడ్డ మీద పటిక అద్దితే, చెట్టు రంగు దాన్ని పట్టుకుని నిలుస్తుంది. అద్దకం అయిపోయిన చీరకి చివర్లో పటిక నీళ్ళు చూపించి లాభం లేదు. కలంకారీ నుంచి నేర్చుకోవాల్సింది ఇంకొకటుందంటుంది పెద్దమ్మ. పెడన వైపు గుడ్డల్ని పారే కాలవ నీళ్ళలో కడుగుతారు. విడిచిన రంగుని నీళ్ళు అప్పటికప్పుడు మోసుకుపోతాయి, పక్కన ఉన్న తెలుపు మీద వాలడానికి సందివ్వవు. మనకి కాలవ లేదు గనక వెంటవెంటనే నాలుగు బకెట్లు.

ఏడూ నలభైకి మొదటి నీళ్ళు. చీరని నాలుగు మడతలుగా కాకుండా, కొంగు నుంచి మొదలుపెట్టి వదులుగా, పొర మీద పొర కూర్చోకుండా ఒక్కసారిగా ముంచుతుంది. ముంచిన క్షణం నుంచి చెయ్యి ఆగదు. రెండు చేతులతో ఎత్తడం, ముంచడం, పక్కకి జాడించడం. పది సెకన్లలో నీళ్ళు మబ్బుగా తయారవుతాయి. అది గంజి. ముప్పై సెకన్లకి ఎరుపు మొదలవుతుంది. రెండు నిమిషాలకి బకెట్టు దానిమ్మ రసంలా ఉంది. నాకు గుండె ఆగినంత పనయింది. సరిగ్గా మూడు నిమిషాలకి గోడ గడియారం చూసి, చీరని పైకి లాగి, మెలిపెట్టి పిండకుండా, అరచేతుల మధ్య పైనుంచి కిందికి వత్తుకుంటూ నీళ్ళు దింపేసింది. మెలిపెట్టి పిండితే ఎరుపున్న పొర తెలుపున్న పొరని గట్టిగా వత్తుతుంది, అచ్చు గుద్దినట్టే అవుతుంది.

ఆ వెలుగులో చూస్తే తెల్ల గళ్ళు తెల్లగా లేవు. లేత గులాబీ నీడ పడింది. నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ రెండో బకెట్లో ముంచేసింది. "తడిగా ఉన్నంతసేపూ అది అతిథి. ఆరనిచ్చావా, ఇల్లు రాయించుకుంటుంది" అంది చెయ్యి ఆపకుండా. రెండో నీళ్ళు రోజా షర్బత్ రంగుకి వచ్చి ఆగాయి. మూడు నిమిషాల తర్వాత ఎత్తితే గులాబీ నీడ సగానికి సగం పోయింది. రంగు అంటిందని కంగారుపడి ముందు ఎండలో ఆరేసేవాళ్ళూ, ఆరితే పోతుందేమో చూద్దామని ఇస్త్రీకి ఇచ్చేవాళ్ళూ చీరని చేజేతులా పోగొట్టుకునేది ఇక్కడే. అంటిన రంగుకి విరుగుడు ఆ నిమిషంలోనే ఇంకో బకెట్టు మంచినీళ్ళు.

మూడో బకెట్టు కుంకుడు రసం. ముందురోజు రాత్రి పది కాయలు కొట్టి, గింజలు తీసేసి, లీటరు నీళ్ళలో నానేసింది. పొద్దున్నే పది నిమిషాలు మరిగించి, పిసికి, పాత పంచె గుడ్డలో వడకట్టి, పూర్తిగా చల్లారాక బకెట్లో కలిపింది. వడకట్టడంలో బద్ధకిస్తే తొక్క ముక్కలు తెల్లగళ్ళ మీద గోధుమ మచ్చలు పెడతాయి. కుంకుడు కాయ బోరు నీళ్ళలోనూ తెట్టు కట్టదు, సోడా ఘాటు ఉండదు. మామూలు సబ్బుపొడిలో సోడా ఎక్కువ, పైగా బట్ట తెల్లగా మెరవడానికి కలిపే నీలి మెరుపు మందులు ఉంటాయి. అవి తెల్ల చొక్కాకి మంచివే గానీ ముదురు రంగుని పాలిపోయినట్టు చూపిస్తాయి. కుంకుళ్ళు దొరకనివాళ్ళు పట్టుబట్టలకని అమ్మే ద్రవం 15 మిల్లీలీటర్లు కలుపుకోవచ్చు. నురగ చేసే పని మురికి తియ్యడం కాదిక్కడ, కొత్త చీరకి మురికెక్కడిది. ఊడిన రంగుని నీళ్ళలో తేలగట్టి, తిరిగి బట్ట మీద వాలనివ్వకుండా పట్టుకోవడం దాని పని. అయిదు నిమిషాలు చేతులతో ఒత్తుతూ తిప్పింది. బ్రష్షు లేదు, బండ లేదు.

నాలుగో నీళ్ళలో జాడించాక పెద్దమ్మ ఒక తెల్ల ప్లాస్టిక్ మగ్గు బకెట్టు అడుగున పెట్టి వంగి చూసింది. మగ్గు తెల్లగానే కనపడింది. గులాబీగా కనపడితే అయిదో బకెట్టు పట్టేదట. గంట ఎనిమిది. రంగు తీర్చడానికి పట్టింది మొత్తం ఇరవై నిమిషాలు. నేను నా పాత చీరని గంటసేపు నానేసి పక్కింటావిడతో మాట్లాడుతూ నిలబడ్డ సంగతి అప్పుడు ఆమెకి చెప్పలేదు.

చాకిరేవు గుర్తొచ్చి అడిగాను, బానల్లో ఉడకబెట్టి, బండకేసి బాదిన రోజుల్లో రంగులెలా నిలిచేవని. ఉడకబెట్టేది తెల్లవాటినే, రంగువి ఎప్పుడూ వేరే మూట అంది పెద్దమ్మ. రేవులో ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో మూలన గుర్తు పెట్టేవారు. చర్మానికి తగిలితే బొబ్బలెక్కే ఆ రసం, బట్ట మీద పడితే చిరిగేదాకా పోదు. పోని రంగేదో, పోయే రంగేదో రజకులకి తెలిసినంతగా బట్టల షాపువాళ్ళకి తెలియదని ఆమె అభిప్రాయం. నాకూ అలాగే అనిపిస్తుంది.

గంజి తర్వాతి మెట్టు. కుక్కర్లు వచ్చాక గంజి వార్చడం పోయింది, కాబట్టి సగ్గుబియ్యం. రెండు పెద్ద చెంచాలు అరగంట నానేసి, లీటరు నీళ్ళలో గింజ అద్దంలా అయ్యేదాకా, సుమారు పది నిమిషాలు, అడుగంటకుండా కలుపుతూ కాస్తుంది. వడకట్టి, అయిదు లీటర్ల నీళ్ళలో పలచన చేస్తుంది. ముదురు రంగు చీరకి గంజి చిక్కబడితే ఆరాక తెల్లటి చారలు కనపడతాయి. వేలు ముంచి తీస్తే జిగురు తెలియాలి, తెల్లదనం తెలియకూడదు. చీర తిరగేసి, రెండు నిమిషాలు తిప్పి, వత్తి తీస్తుంది. కట్టకుండా బీరువాలో దాచే చీరకి మాత్రం గంజి పెట్టదు. పురుగులకి అన్నం పెట్టినట్టే.

ఆరబెట్టడంలోనే ఎక్కువమంది ఓడిపోతారనిపించింది నాకు. ముందు మంచం మీద రెండు పాత తెల్ల తువ్వాళ్ళు పరిచి, వాటి మీద చీరని రెండు పొరలుగా వేసి, పొరల మధ్య ఇంకో పాత పంచె పెట్టి, చాపలా చుట్టి మోకాలితో నొక్కింది. తువ్వాళ్ళు సగం నీళ్ళు పీల్చేశాయి. చుక్కలు కారుతున్న చీరని దండెం మీద వేస్తే నీళ్ళతోపాటు మిగిలిన రంగు కూడా కిందికి జారి, వేలాడే అంచు దగ్గర గీతలా ఆగుతుంది. పైగా తడి బరువుకి చీర సాగి, అంచొక పొడవూ నడుమొక పొడవూ అవుతుంది. దండెం ఇనుప తీగ కాదు, తుప్పు మరక పడుతుంది. లావుపాటి వెదురు గెడలు రెండు, జానెడు ఎడంగా కట్టి ఉన్నాయి. చీర వాటి మీద పందిరిలా పరుచుకుంటుంది, తడి పొర తడి పొరకి తగలదు. వెనకవైపు పైకి. నీడ. ఎండ రంగుని విరగ్గొడుతుంది, తడి మీద ఆ పని ఇంకా చురుగ్గా సాగుతుంది. మా పిన్ని కూతురు అమెరికాలో డ్రయ్యరుకి నాలుగు నూలు కుర్తాలు సమర్పించుకుంది. వేడిగాలిలో దొర్లుతూ ఆరేటప్పుడు, మొదటి తడుపులో తగ్గినదాని మీద ఇంకా తగ్గుతాయి. నీడలో గాలికి రెండున్నర గంటలు పట్టింది. పదకొండింటికి చీర అప్పడంలా ఉంది.

ఇక్కడితో పెద్దమ్మ చేతిలోంచి చీర వీధి చివర ఇస్త్రీ బండికి వెళుతుంది. బండి ఆయన ముందు నీళ్ళు చిలకరించి, మూటలా చుట్టి, అరగంట పక్కన పెడతాడు. తడి అన్ని మూలలకీ సమానంగా పాకాలి. ఇత్తడి పెట్టెలో బొగ్గులు రాజేసి, మూత పెట్టి, అటూ ఇటూ ఊపి గాలి తగలనిస్తాడు. వేడి చూడడానికి డిగ్రీలు లేవు. తడిగుడ్డ మీద ఒకసారి ఆనిస్తాడు, చుయ్‌మన్న శబ్దాన్ని బట్టి తెలుసుకుంటాడు. కరెంటు పెట్టె మీద మూడు చుక్కల గుర్తు నూలుది, సుమారు 200 డిగ్రీలు, కానీ గంజి ఉన్న బట్టకి అంత వేడి ఒకేచోట నిలిస్తే గోధుమరంగు తిరుగుతుంది. ఆయన పెట్టె ఎక్కడా నిలవదు. చీర వెనకవైపు నుంచి, పడుగు వెంటే, పొడుగునా పోతుంది. అడ్డంగా లాగితే అంచు అలలు తేలుతుందట. ఏటవాలుగా ఒక్కసారి కూడా తిప్పలేదు. ఇనుము కంటే ఇత్తడిలో వేడి సమానంగా పరుచుకుంటుందనీ, అందుకే పాతది మార్చలేదనీ చెప్పాడు. చీరకి పన్నెండు నిమిషాలు, 40 రూపాయలు.

పెద్దమ్మ లెక్క క్యాలెండరు కాగితం మీద కిందికి పెరిగింది. కుంకుళ్ళు 10 రూపాయలు, సగ్గుబియ్యం 5, ఇస్త్రీ 40. నీళ్ళు కడివెడు కూడా వృథా కాలేదు, ఎర్రనీళ్ళు బాత్రూము కడగడానికీ, చివరి బకెట్టు మొక్కలకీ పోయాయి. ఇదంతా మెషీనులో కుదరదా అని మీరడుగుతారు. రెండో ఉతుకు నుంచి కుదురుతుంది. చీరని జాలీ సంచిలో వేసి, 30 డిగ్రీలు దాటకుండా, ఒంటరిగా, స్పిన్ తక్కువ పెట్టి తిప్పుకోవచ్చు. మొదటిది మాత్రం చేత్తోనే. నీళ్ళ రంగు చూసి ఎప్పుడు ఆపాలో మెషీనుకి తెలియదు.

మధ్యాహ్నం రెండింటికి చీర మళ్ళీ హాల్లో పరిచింది. అదే గోడ, అదే వరుస. పది టైల్సు నిండాయి, పదకొండో దానిలో 12 సెంటీమీటర్లు. 6 మీటర్ల 12. పోయింది 18 సెంటీమీటర్లు, నూటికి మూడు పాళ్ళ లోపు. పన్నా 117కి 115న్నర వచ్చింది. లాగి కట్టింది పడుగునే కాబట్టి పొడవే ఎక్కువ తగ్గడం సహజం. తెల్లగళ్ళని కిటికీ దగ్గర పెట్టి చూశాను. నేను తెచ్చినప్పటి తెలుపు కంటే ఒక్క పిసరు మీగడ రంగు, అంతే. గులాబీ లేదు. ఇంకో ఉతుకులో సెంటీమీటరో రెండో తగ్గుతుంది గనక, జాకెట్టు కుట్ల లోపల గుడ్డ కాస్త ఎక్కువ వదలమని టైలరుకి చెప్పమంది పెద్దమ్మ. అప్పుడుగానీ కత్తెర తియ్యలేదు. జాకెట్టు ముక్క 80 ఉండాల్సింది 78 సెంటీమీటర్లు వచ్చింది. ఫాలు, లైనింగు, ముక్క మూడూ కలిపి సోమవారం టైలరుకి ఇచ్చాను.